భవనానికి నిధులుంటాయి, కచేరీకి ఉండవు: విజయవాడ, గుంటూరు కళావేదికల లెక్క

క్లుప్తంగా: కళాక్షేత్రాల ఆధునికీకరణకు కోట్ల రూపాయలు కేటాయించారన్న వార్తలు తరచుగా వస్తాయి. హాలు అద్దె భరించలేక కార్యక్రమాలు మానుకుంటున్నామన్న కళాసంస్థల వినతులూ అంతే తరచుగా కనిపిస్తాయి. ఈ రెండూ నిజమే. కట్టడానికి వచ్చే డబ్బు, నడపడానికి కావలసిన డబ్బు, ప్రదర్శనకు అయ్యే ఖర్చు మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. ఒక దానిలో మిగిలింది మరొక దానికి మళ్లదు. విజయవాడ, గుంటూరులలో ఏ కళలు వేదిక ఎక్కుతున్నాయో, ఏవి తగ్గిపోతున్నాయో ఈ విభజనే చాలావరకు నిర్ణయిస్తోంది.

ఒక పద్య నాటకం, ఒక సాయంత్రం

ఒక పద్య నాటక సమాజం విజయవాడలో ప్రదర్శన ఇవ్వాలనుకుంటే ముందు చేయవలసింది హాలు ఖాయం చేసుకోవడం. హాలును రోజంతటికీ కాక ఉదయం, సాయంత్రం అని పూటల లెక్కన తీసుకోవడం సాధారణ పద్ధతి. అద్దెతోపాటు డిపాజిట్, ఏసీకి విడిగా, కరెంటు పోతే జనరేటర్ డీజిలు, మైకు, లైట్లు. ఆ తర్వాత సమాజం సొంత ఖర్చులు మొదలవుతాయి. హార్మోనియం, తబలా వాయించేవారికి పారితోషికం, మేకప్ చేసే మనిషి, కిరీటాలు, భుజకీర్తులు, పట్టు పంచెల అద్దె, తెరలు, ఇరవై మందికి పైగా ఉన్న బృందానికి ప్రయాణం, రాత్రి భోజనం. ఇవి కాక ఫ్లెక్సీలు, ఆహ్వాన పత్రికలు, శాలువాలు, జ్ఞాపికలు.

ఆదాయం వైపు చూస్తే టికెట్ ఉండదు. ప్రవేశం ఉచితం. ఖర్చంతా చందాల మీద, దాతల మీద, సావనీరులో (కార్యక్రమ సంచికలో) వేసే ప్రకటనల మీద నడుస్తుంది. ఇచ్చిన దాతకు వేదికపై కుర్చీ వేయాలి, శాలువా కప్పాలి, నాలుగు మాటలు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అందులో తప్పేమీ లేదు, డబ్బు ఇచ్చిన మనిషికి ఆ గౌరవం న్యాయమే. అయితే హాలు దొరికింది ఒక పూటకే కదా. ఆరున్నరకు మొదలు కావలసిన నాటకం సభాకార్యక్రమం ముగిసేసరికి ఎనిమిది దాటుతుంది. మేకప్ వేసుకున్న శ్రీకృష్ణుడు తెర వెనుక స్టూలు మీద కూర్చుని కిరీటం ఒడిలో పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. తొమ్మిదిన్నర దాటితే హాలు సిబ్బంది గడియారం చూస్తారు. చివరి అంకంలో పద్యాలు కుదించుకోవలసి వస్తుంది. రాగాలాపన ముందుగా పోతుంది, ఎందుకంటే కథకు అడ్డం రాకుండా తీసేయగలిగింది అదొక్కటే. పద్య నాటకానికి ప్రాణం కూడా అదే.

నిధుల తీరు వేదిక మీద ఏమి కనబడుతుందో ఎలా మారుస్తుందో తెలియడానికి ఈ ఒక్క సాయంత్రం చాలు.

టికెట్ ఎక్కడ పోయింది

ఈ ప్రాంతంలో నాటకం ఎప్పుడూ ఉచితంగానే ఉండేదన్నది నిజం కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కాంట్రాక్టు నాటకాల కాలం ఒకటుండేది. కాంట్రాక్టరు పేరున్న నటులను కుదుర్చుకుని, ఊరి బయట పందిరి వేసి, టికెట్లు అమ్మి ఆడించేవాడు. అంతకు ముందు, విజయవాడకు దగ్గరలోని మైలవరంలో జమీందారు పోషణలో నాటక సమాజం వెలిసింది. జమీందారు డబ్బు, టికెట్ డబ్బు రెండూ పనిచేసిన కాలమది. నటుడికి గిరాకీ ఉండేది, ఆ గిరాకీకి ధర కూడా ఉండేది.

సినిమా హాళ్లు వచ్చాక టికెట్ కొనే ప్రేక్షకుడు అటు వెళ్లాడు. నాటకం, పోటీలు జరిపే సంఘాలైన పరిషత్తుల వైపు మళ్లింది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో ఈ రెండు జిల్లాల్లో ఊరూరా పరిషత్తులు వెలిశాయి. పోటీలు, బహుమతులు, ఉచిత ప్రవేశం, స్థానిక దాతలు. నాటక రచనకు, కొత్త దర్శకులకు పరిషత్తులు చేసిన మేలు చాలా పెద్దది. కాని ప్రేక్షకుడు డబ్బు పెట్టి చూసే అలవాటు ఆ మార్గంలో నిలవలేదు.

ఇతర కళలకు వేరే దారులు దొరికాయి. 1940లలో బుర్రకథకు వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి ఉద్యమం అండగా నిలిచింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ రోజుల్లోనే బుర్రకథను వేల మంది ముందుకు తీసుకెళ్లారు. శాస్త్రీయ సంగీతానికి 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం పెద్ద పోషకురాలైంది. ఆకాశవాణి స్వరపరీక్షలో గ్రేడు పొందిన కళాకారుడికి క్రమంగా కార్యక్రమం, దానికి చెక్కు. విజయవాడ సంగీత కళాశాలకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాలుగా ఉన్న తరంలో ఆకాశవాణి, కళాశాల, నగరంలో కచేరీలు జరిపే సంగీత సభలు మూడూ ఒకదానికొకటి ఆసరాగా ఉండేవి. కళాశాలలో నేర్చుకున్నవారు రేడియోలో పాడారు, రేడియోలో విన్నవారు సభలకు వచ్చారు. రేడియో వినే అలవాటు తగ్గాక ఆ గొలుసులో ఒక లంకె వదులైంది.

ఈ చరిత్ర వల్ల ఏర్పడిన స్థితి ఇది: ఉద్యమమో, రేడియోనో, జమీందారో, దాతో, ఎవరో ఒకరు మధ్యలో ఉండి ఖర్చు భరించారు. ప్రేక్షకుడు నేరుగా భరించడం ఆగిపోయింది.

పన్నుల భయంతో టికెట్ పెట్టడం లేదన్న వాదన కొందరు చేస్తారు. అది పూర్తిగా నిలవదు. సంగీత, నృత్య, నాటక ప్రదర్శనలకు మనిషికి 500 రూపాయల లోపు టికెట్ పెడితే జీఎస్టీ మినహాయింపు ఉంది. జానపద, శాస్త్రీయ కళారూపాల్లో ప్రదర్శన ఇచ్చే కళాకారుడికి ఒక కార్యక్రమానికి లక్షన్నర రూపాయల లోపు పారితోషికమైతే దానిపైనా జీఎస్టీ ఉండదు. ఊరి సంస్థలు పెట్టగలిగిన ఏ టికెట్ అయినా ఈ పరిమితుల లోపలే ఉంటుంది. కాపీరైట్ చట్టం సంగతి కొంచెం వేరు. 1957 చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఔత్సాహిక సంఘం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు ప్రదర్శిస్తే అది హక్కుల ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టిన క్షణం ఆ రక్షణ పోతుంది. సినీ గీతాల విభావరులు నిర్వహించే సంస్థలకు ఇది అసలైన చిక్కే. త్యాగరాజ కీర్తనలు, క్షేత్రయ్య పదాలు పాడే సభకు, పాత పద్య నాటకం ఆడే సమాజానికి ఆ చిక్కు పెద్దగా లేదు. అక్కడ టికెట్‌కు అడ్డం వస్తున్నది చట్టం కాదు, అలవాటు.

శిలాఫలకం వేయించుకోగల డబ్బు

ఇక భవనాల సంగతి. విజయవాడలో తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రం నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో నడుస్తుంది. గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ముఖ్యమైన వేదిక. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ నంది నాటకోత్సవాలు జరిగింది అక్కడే. ఇలాంటి భవనాలకు డబ్బు ఎక్కడి నుంచి రాగలదో చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది.

కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాల్లో భవన నిర్మాణానికి, స్టూడియో థియేటర్లకు కళాసంస్థలకు గ్రాంటు ఉంది. మెట్రో నగరాల్లో గరిష్ఠంగా 50 లక్షలు, ఇతర చోట్ల 25 లక్షలు. ప్రాజెక్టు వ్యయంలో 60 శాతం వరకే ఇస్తారు, మిగతా 40 శాతం సంస్థే సమకూర్చుకోవాలి. ఠాగూర్ సాంస్కృతిక సముదాయాల పథకం పెద్ద భవనాలకు ఉద్దేశించింది. సాధారణంగా 15 కోట్ల వరకు కేంద్ర సహాయం, రాష్ట్ర వాటా 40 శాతం. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి ఉంది. ఏడాదికి 5 కోట్లు, అది కూడా శాశ్వతంగా నిలిచే ఆస్తులకే. ఈ మూడింటిలోనూ ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది: కట్టడానికి ఇస్తాయి, కట్టిన తర్వాత కరెంటు బిల్లుకు ఇవ్వవు.

దానికి కారణం దురుద్దేశం కాదు. ఒకసారి ఇచ్చే డబ్బుకు లెక్క తేల్చడం సులభం. భవనం కంటికి కనిపిస్తుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఏటా ఇచ్చే డబ్బు జీతాలుగా, బిల్లులుగా కరిగిపోతుంది, ఒకసారి మొదలుపెడితే ఆపడం కష్టం. అందుకే ఏ ప్రభుత్వమైనా మొదటిదాన్నే ఇష్టపడుతుంది. కాని ఏసీ యంత్రాలు, కుర్చీలు, వేదిక చెక్కలు, లైటింగ్ బోర్డు ఏటా కొద్దికొద్దిగా పాడవుతాయి. ఏటా కొద్దికొద్దిగా బాగుచేసే నిధి లేకపోతే పదేళ్లకు ఒకసారి అంతా కలిపి ఆధునికీకరణ పేరుతో పెద్ద మొత్తం కావలసి వస్తుంది. ఆ మొత్తం మళ్లీ నిర్మాణ నిధుల్లోంచే వస్తుంది. పని పూర్తయ్యాక హాలు మెరుగుపడిందన్న కారణంతో అద్దె పెరుగుతుంది. వార్తల్లో కోట్లు కనిపిస్తుంటే కళాసంస్థలు అద్దె భారమని ఎందుకు అంటున్నాయన్న ప్రశ్నకు సమాధానం ఈ చక్రంలోనే ఉంది.

నగరపాలక సంస్థ తన సొంత డబ్బుతో తక్కువ అద్దెకు ఇవ్వవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. బాధ్యత కూడా దానిదే. రాజ్యాంగ 74వ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో 13వ అంశం సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహమే. అయితే ఆ బాధ్యతకు తోడుగా డబ్బు రాలేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల గ్రాంట్లను గాలి నాణ్యత, తాగునీరు, పారిశుధ్యం వంటి వాటికి ముడిపెట్టింది. విజయవాడ ఆ జాబితాలోనిది. కళలకు అందులో చోటు దక్కలేదు. మిగిలింది ఆస్తి పన్ను వంటి సొంత ఆదాయం. మురుగుకాలువ, వీధి దీపం, కార్మికుల జీతం పక్కన కళాక్షేత్రం పద్దు నిలబడినప్పుడు ఏది వెనక్కి వెళుతుందో చెప్పనక్కరలేదు. పైగా విడి ఖాతా ఏర్పాటు చేయకపోతే హాలు అద్దె మునిసిపల్ సాధారణ నిధిలోనే కలుస్తుంది. హాలు సంపాదించింది హాలుకు తిరిగి రావాలన్న నియమం లేకపోతే అది అధికారుల దృష్టిలో సేవగా కాక ఆదాయ వనరుగా కనిపిస్తుంది. అలా కనిపించాక ఎక్కువ అద్దె ఇవ్వగలవారికే మొదటి చోటు.

గ్రంథాలయాలకున్నది, కళావేదికలకు లేనిది

ఇదే నగరంలో పుట్టిన మరో ఉద్యమంతో పోల్చితే తేడా బాగా తెలుస్తుంది. 1914లో బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అప్పుడు గ్రంథాలయాలు కూడా నేటి కళాసంస్థల్లాగే చందాల మీద, దాతల మీద నడిచేవి. ఆ ఉద్యమం దశాబ్దాల పాటు ఒకే మాట మీద నిలబడింది: గ్రంథాలయానికి చట్టం కావాలి, పన్నులో వాటా కావాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంతో అది నెరవేరింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం. ఆస్తి పన్ను కట్టే ప్రతి మనిషి, పుస్తకం చదివినా చదవకపోయినా, గ్రంథాలయానికి కొంత ఇస్తున్నాడు.

ఈ ఏర్పాటు లోపం లేనిదేమీ కాదు. వసూలు చేసిన సుంకాన్ని స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చెల్లించకపోవడం పాత సమస్యే. అయినా బకాయి అన్న మాట వాడగలగడమే ఒక బలం. గ్రంథాలయ సంస్థ తనకు రావలసిన డబ్బు అడుగుతోంది. కళాసంస్థ అడిగేది సహాయం. బకాయికి లెక్క ఉంటుంది, గడువు ఉంటుంది, కోర్టు కూడా ఉంటుంది. సహాయానికి వినతిపత్రం ఒక్కటే దారి.

విజయవాడ గాంధీనగరంలోని హనుమంతరాయ గ్రంథాలయం ఈ రెండు ప్రపంచాలు కలిసే చోటు. పుస్తకాలతోపాటు అక్కడి చిన్న హాలులో నాటికలు, సాహిత్య సభలు జరుగుతుంటాయి. పెద్ద హాలు అద్దె భరించలేని సంస్థలకు అలాంటి చోట్లే ఊపిరి.

2014 తర్వాత పెరిగిన ఒత్తిడి

రాష్ట్ర విభజనకు ముందు రాష్ట్ర స్థాయి సాంస్కృతిక కార్యక్రమం అంటే హైదరాబాద్ రవీంద్రభారతి. 1961 నుంచి ప్రభుత్వం నడుపుతున్న ఆ వేదిక విభజన తర్వాత తెలంగాణకు ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌కు పాలన విజయవాడ పరిసరాలకు వచ్చింది, దానితోపాటు అవార్డుల సభలు, జయంతులు, శాఖల కార్యక్రమాలు వచ్చాయి. వాటికి తగిన వేదిక మాత్రం వెంట రాలేదు. ఊరి కళాకారుల కోసం ఉన్న మునిసిపల్ హాలే రాజధాని అవసరాలు కూడా తీర్చవలసి వచ్చింది. శని, ఆదివారాల సాయంత్రాల కోసం ప్రభుత్వ శాఖలు, రాజకీయ సంఘాలు, కళాశాలల వార్షికోత్సవాలు, నృత్య పాఠశాలలు, నాటక సమాజాలు ఒకే వరుసలో నిలబడ్డాయి. ఆ వరుసలో నాటక సమాజానికి బలం తక్కువ.

పెద్ద ఉత్సవాలు రాకపోలేదు. 2016 డిసెంబరులో అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనంలో వేల మంది నర్తకులు విజయవాడ స్టేడియంలో ఒకేసారి నర్తించారు. 2023 డిసెంబరులో కేంద్రం ఆధ్వర్యంలో కృష్ణవేణి సంగీత నీరాజనం మూడు రోజులు జరిగింది, కళాక్షేత్రంతోపాటు సంగీత కళాశాల, దుర్గా ఘాట్ కూడా వేదికలయ్యాయి. ఇలాంటి ఉత్సవాలు నగరానికి గుర్తింపు తెస్తాయి, కళాకారులకు మంచి పారితోషికం, మంచి శ్రోతలు దొరుకుతారు. అయితే మూడు రోజుల ఉత్సవం మిగిలిన 362 రోజుల పనిని చేయదు. నెలకొక కచేరీ ఏడాది పొడవునా వింటేనే శ్రోత తయారవుతాడు. పన్నెండు చిన్న కచేరీలకు దాతను వెతకడం ఒక పెద్ద ఉత్సవానికి వెతకడం కన్నా కష్టమన్నది నిర్వాహకులందరికీ అనుభవమే.

ప్రదర్శనలకు నేరుగా వచ్చే కేంద్ర సహాయమూ ఉంది. ఉత్సవాలకు, కొత్త ప్రదర్శనల నిర్మాణానికి సాధారణంగా 5 లక్షల వరకు గ్రాంటు, గురుశిష్య పరంపర పథకం కింద బృందాలకు నెలనెలా సాయం దొరుకుతాయి. వీటికి నమోదైన సంస్థ కావాలి, ఏళ్ల తరబడి ఆడిట్ చేసిన లెక్కలు కావాలి, ఆన్‌లైన్ దరఖాస్తు నింపగల మనిషి కావాలి. ఖర్చు చేసి బిల్లులు చూపాక కొంత వాటా తర్వాత వస్తుంది, అంటే ముందు అప్పు చేయగలగాలి. తోలుబొమ్మలాట కుటుంబానికో, డప్పు బృందానికో ఇది దాటలేని గోడ. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కూడా కళలకు ఇవ్వవచ్చని 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు చెబుతోంది, కాని ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, భారీ నికర విలువో, టర్నోవరో ఉన్న కంపెనీలకే ఆ నిబంధన వర్తిస్తుంది. గుంటూరు మిర్చి వ్యాపారి, విజయవాడ ఆటోనగర్ యజమాని ఇచ్చే చందా ఆ లెక్కలోకి రాదు. అది పాత పద్ధతి దాతృత్వమే, ఇప్పటికీ ఎక్కువ భారం మోస్తున్నదీ అదే.

చెన్నై, పుణె ఏమి చేశాయి

చెన్నైలో మ్యూజిక్ అకాడమీ 1928లో మొదలైంది. దాని బలం సొంత హాలు, సభ్యత్వం. ఏటా చందా కట్టే సభ్యుడు డిసెంబరు కచేరీలకు ముందుగానే డబ్బు ఇచ్చినట్టే. హాలు సభదే కాబట్టి తేదీల కోసం ఎవరినీ అడగనక్కరలేదు. ఇతర రోజుల్లో బయటివారికి అద్దెకిచ్చి వచ్చిన డబ్బు కచేరీలకే చేరుతుంది. ఇక్కడ విజయవాడలో అద్దె కట్టే స్థానంలో ఉన్న సంస్థ అక్కడ అద్దె తీసుకునే స్థానంలో ఉంది.

పుణె దారి మనకు ఇంకా దగ్గర. అక్కడి బాలగంధర్వ రంగమందిరం 1968 నుంచి నగరపాలక సంస్థదే, మన కళాక్షేత్రం లాంటిదే. తేడా ఏమిటంటే మరాఠీ నాటకానికి టికెట్ ఉంది. ఒకే రోజు వేర్వేరు పూటల్లో వేర్వేరు నాటకాలు ఆడతాయి. ఒకే నాటకం వందల సార్లు ఆడుతుంది కాబట్టి దుస్తులు, తెరల ఖర్చు అన్ని ప్రదర్శనల మీదా పంచుకుంటుంది. తెలుగు నాటిక పరిషత్తు కోసం తయారై, పది పన్నెండు చోట్ల పోటీల్లో ఆడి ఆగిపోతుంది. మరుసటి ఏడాది కొత్తది. కష్టమంతా తయారీకే పోతుంది, ఫలితం అనుభవించే ప్రదర్శనలు కొన్నే. మునిసిపల్ హాలు ఒక్కటే ఉంటే చాలదని, దాన్ని నింపే పద్ధతి కూడా ఉండాలని పుణె చూపుతోంది.

ఎవరికి వేదిక దొరుకుతుంది

ఇప్పటి తీరు ఇలాగే సాగితే మూడు రకాల కార్యక్రమాలు నిలదొక్కుకుంటాయి. మొదటిది నృత్య పాఠశాలల రంగప్రవేశాలు, వార్షికోత్సవాలు. పిల్లల తల్లిదండ్రులు ఖర్చు పంచుకుంటారు. కూచిపూడికి ఇంతమంది విద్యార్థులు ఉండటం మంచి విషయమే, కాని నేర్చుకునేవాళ్లే డబ్బు పెట్టి నర్తించే పద్ధతి వృత్తి నర్తకికి జీవనోపాధి కాలేదు. రెండోది సినీ సంగీత విభావరి. దాతలు, శ్రోతలు ఇద్దరూ సులభంగా దొరుకుతారు. మూడోది ప్రభుత్వమో, పెద్ద సంస్థో జరిపే ఉత్సవం. నష్టపోయేవి పెద్ద బృందం కావలసిన పద్య నాటకం, ఒంటరిగా గంటల తరబడి చెప్పవలసిన హరికథ, వీణ కచేరీ, బుర్రకథ. డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మనిషిని అది ఆదుకుంటుంది, అతడి డప్పుకు వేదిక మాత్రం దానివల్ల రాదు.

ఈ ఖాళీని కొంత నింపుతున్నది దేవాలయాలు. గుంటూరు బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి ఆలయంలోని అన్నమయ్య కళావేదిక మీద సంగీతం, నృత్యం, నాటకం క్రమంగా జరుగుతుంటాయి. విజయవాడ దుర్గగుడి ఉన్న ఇంద్రకీలాద్రి మీద దసరా రోజుల్లో ఊరూపేరూ లేని భజన బృందానికి కూడా కొంత సమయం దొరుకుతుంది. శ్రోతలు అప్పటికే గుడికి వచ్చి ఉంటారు. అయితే సామాజిక నాటికకు, ప్రశ్నించే కథకు అక్కడ చోటు పరిమితమే. ఆరుబయట వేదికకు మరో హద్దు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు లౌడ్‌స్పీకర్ నిషేధం. ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు. నాలుగు గోడల ఆడిటోరియానికి ఆ నిషేధం లేదు. తెల్లవార్లూ సాగే నాటకం పందిరి వదిలి హాలులోకి రావడానికి ఇదీ ఒక కారణం. హాలులోకి వచ్చాక పూట లెక్క మొదలైంది.

బడ్జెట్‌లో చూడవలసిన పద్దులు

మార్పుకు పెద్ద మొత్తాలే అక్కరలేదు. హాలు అద్దె ఆదాయానికి విడి ఖాతా, నమోదైన స్థానిక సంస్థలకు వారం మధ్య రోజుల్లో రాయితీ ధర, ఏ తేదీ ఎవరికి ఇచ్చారో అందరికీ కనిపించే పట్టిక నగరపాలక సంస్థ తీర్మానంతో సాధ్యమయ్యేవి. వంద, నూట యాభై మంది పట్టే చిన్న హాళ్ల అవసరం ఇంకా ఎక్కువ. వీణ కచేరీకి వచ్చే ఎనభై మంది పెద్ద హాలులో కూర్చుంటే ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి, వాయించేవారి మనసు కుంగుతుంది. అదే ఎనభై మంది చిన్న హాలులో నిండుసభ. మునిసిపల్ పాఠశాలల్లో, శాఖా గ్రంథాలయాల్లో సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగా ఉండే గదులకు ఒక మంచి మైకు, నాలుగు లైట్లు చాలు. నగరపాలక సంస్థ కొత్త బడ్జెట్‌లో కళాక్షేత్రం పేరు పక్కన మూలధన వ్యయం (కట్టడానికయ్యేది) ఎంత, నిర్వహణ వ్యయం (నడపడానికయ్యేది) ఎంత అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ సంవత్సరం హాలు ఎవరికోసం పనిచేయబోతోందో ముందే తెలిసిపోతుంది.